మాటకు పేరుంది, దరువుకు ఏదీ?

హైదరాబాద్ కెఫేలలో, విశ్వవిద్యాలయ ఉత్సవాలలో ఇటీవల ఒక ప్రక్రియ ఆదరణ పొందుతున్నది. కవి మైకు ముందు నిలబడి కవితను కాగితం చూసి చదవడు, సభతో మాట్లాడుతున్నట్టు చెబుతాడు. పక్కనున్న వాద్యకారుడు ముందుగా కట్టుకున్న బాణీ ఏదీ లేకుండా ఆ మాట పోకడను బట్టి అప్పటికప్పుడు వాయిస్తాడు. దీనిని ‘స్పోకెన్ వర్డ్’ అంటున్నారు. పడమటి నుంచి వచ్చిన కొత్తదనంగా పరిచయం చేస్తున్నారు. యువతరం కవిత్వాన్ని పుస్తకం అట్టల మధ్య నుంచి బయటికి తేవడం హర్షించదగినదే. కానీ సిద్దిపేట నేల మీద పెరిగిన నాకు ఆ ‘కొత్త’ అన్న విశేషణం దగ్గరే అభ్యంతరం ఉంది. మాటనూ అప్పటికప్పుడు పుట్టే దరువునూ కలిపి తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టిన కళాకారులు ఈ జిల్లాలో తరతరాలుగా ఉన్నారు. వారిని మనం కవులని పిలవలేదు, సంగీతకారులని అంతకన్నా పిలవలేదు. కులం పేరుతో పిలిచాం.

కొమురవెల్లి మల్లన్న జాతరనే తీసుకుందాం. సంక్రాంతి తర్వాతి ఆదివారం పట్నం వారంతో మొదలై ఉగాది దాకా ప్రతి ఆదివారం ఆ గుట్ట కింద ఒగ్గు డోళ్లు మోగుతూనే ఉంటాయి. ఒగ్గు పూజారులు రంగుల పొడులతో పట్నం వేస్తారు, మల్లన్న కథ చెబుతారు. ఆ దేవుడి కథలోనే కుల సమాజపు చిత్రం ఉంది. ఆయనకు ఇద్దరు భార్యలు. ఒకరు బలిజ మేడలమ్మ, మరొకరు గొల్ల కేతమ్మ. ఈ కథను కాపాడుతూ వచ్చినవారు ప్రధానంగా కురుమ, గొల్ల కులాలకు చెందిన ఒగ్గు కళాకారులు.

ఒగ్గుకథ పనితీరును విద్యార్థులు శ్రద్ధగా గమనించాలి. ప్రధాన కథకుడు నడుమ నిలుస్తాడు. వచనం చెబుతాడు, హఠాత్తుగా పాటలోకి వెళతాడు, మళ్లీ వచనంలోకి దిగుతాడు. పక్కనున్న వంతగాడు ‘ఆహా’ అంటాడు, ప్రశ్న వేస్తాడు, పరిహాసమాడతాడు. వెనుక డోలు, తాళాలు. కథకుడి వాక్యం ఎక్కడ ఆగుతుందో డోలు వాయించేవానికి ముందుగా ఎవరూ రాసివ్వరు. కథకుడి ఊపిరిని, భుజం కదలికను, జనంలో పుట్టే కలకలాన్ని చూసి దరువు అందుకుంటాడు. యుద్ధ ఘట్టంలో ఉరకలెత్తిస్తాడు, ఏడుపు ఘట్టంలో చేయి తేల్చేస్తాడు. ఒక్కోసారి దరువే ముందుకు పోయి కథకుణ్ణి తన వెంట లాక్కుపోతుంది. ఒకే కథ ఒక ఊళ్లో గంటలో ముగుస్తుంది, మరో ఊళ్లో రాత్రంతా సాగుతుంది. ఆ నిర్ణయం వేదిక మీద, ఆ క్షణాన, అందరూ కలిసి చేసేది. దీనికి గొప్ప జ్ఞాపకశక్తి కావాలి, అంతకు మించిన ఆలోచన కావాలి. జనగామ ప్రాంతపు మాణిక్యపురం నుంచి వచ్చిన చుక్క సత్తయ్య ఈ కళతోనే సంగీత నాటక అకాడమీ పురస్కారం దాకా వెళ్లారు. 2017లో ఆయన కన్నుమూశారు. ఆయన కథకు డోలు పట్టిన చేతుల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

ఈ ప్రశ్న మర్యాదకు సంబంధించిన చిన్న విషయంలా కనిపించవచ్చు. నా దృష్టిలో ఇది కుల ప్రశ్న. బుద్ధితో చేసే పని గొప్పది, చేతితో చేసే పని తక్కువది అన్న విభజన మీద కులవ్యవస్థ నిలబడింది. కులం పనిని మాత్రమే విభజించలేదని, పనిచేసే మనుషులను ఒకరికొకరు అందకుండా విభజించిందని అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో తేల్చిచెప్పారు. మన సాహిత్య చరిత్ర ఆ విభజనను కళకూ వర్తింపజేసింది. అక్షరం రాసినవాడు కవి అయ్యాడు. నోటితో చెప్పినవాడు ‘జానపదుడు’ అయ్యాడు. తోలు మీద చేయి వేసినవాడికి ఆ పేరూ దక్కలేదు. అతని సృజన ‘పక్క వాయిద్యం’గా మిగిలింది.

చేర్యాల నకాశీ పటాల కథ ఈ విభజనను ఇంకా స్పష్టం చేస్తుంది. నేడు చేర్యాల సిద్దిపేట జిల్లాలో ఉంది. అక్కడి చిత్రకారులు గోడకు తగిలించుకోవడానికి ఆ పొడవాటి పటాలను వేయలేదు. కథ చెప్పే ఆశ్రిత కులాల కోసం వేశారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వారికి ఒక పటం, గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చుల వారికి మరొకటి, మాదిగలకు జాంబపురాణం వినిపించే డక్కలి వారికి ఇంకొకటి. బొమ్మ, మాట, వాద్యం మూడూ కలిస్తేనే ఆ ప్రదర్శన. ఈరోజు చేర్యాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, మార్కెట్ వచ్చింది, చిత్రకారుల కుటుంబాలకు కొంత ఆసరా దొరికింది. అది మంచిదే. కానీ పటం ముక్కలై డ్రాయింగ్ రూముల్లోకి చేరిన క్రమంలో దాని ముందు నిలబడి మాట్లాడిన మనిషి, వాయించిన మనిషి అదృశ్యమయ్యారు. అమ్ముడుపోయే వస్తువు మిగిలింది. ఆ క్షణాన పుట్టి ఆ క్షణాన ముగిసే కళ ఎవరి ఆస్తీ కాకుండా పోయింది.

డక్కలి కళాకారుల పరిస్థితి మనందరికీ తెలిసినదే. పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న వంటి వీరుల కథలు చెప్పే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్లు దాటాక ఆయన కూలిపనికి వెళుతున్నారని పత్రికలు రాశాయి. మాదిగల నుంచి మిరాశీ అడిగే హక్కు ఉన్న డక్కలి వారు ఆ మాదిగల చేతనే అంటరానివారుగా చూడబడ్డారన్న చేదు నిజాన్నీ ఇక్కడ దాచకూడదు. మెట్ల వ్యవస్థలో ప్రతి మెట్టుకూ కింద ఇంకో మెట్టు ఉంటుంది. బహుజన కళల గురించి మాట్లాడేటప్పుడు ఆ చివరి మెట్టు దాకా దిగాలి.

ఇక డప్పు. డప్పును కవిత్వంతో కలపాలని ఉత్సాహపడే మిత్రులు ఒక చరిత్రను మరువరాదు. ఊళ్లో చాటింపుకూ చావుకూ జాతరకూ డప్పు కొట్టడం మాదిగలకు కళగా అప్పగించిన పని కాదు. అది వెట్టి. నిప్పు సెగ మీద డప్పు కాచి, సిర్ర, సిటికెన పుల్ల పట్టి గంటలకొద్దీ వాయించినా దక్కింది పిడికెడు గింజలు, ఒక తిట్టు. అందుకే చదువుకున్న తరం ఎన్నో ఊళ్లలో డప్పు దించేసింది. తమిళనాట పఱై విషయంలోనూ ఇదే జరిగింది. డప్పు దించడం ఆత్మగౌరవ ప్రకటన. మరోవైపు 1994లో మొదలైన దండోరా ఉద్యమం అదే డప్పును భుజానికెత్తుకొని దానిని తలెత్తే గుర్తుగా మార్చింది. దించినవారూ ఎత్తినవారూ కోరింది ఒకటే. ఎప్పుడు వాయించాలో, ఎవరి కోసం వాయించాలో నిర్ణయించే అధికారం వాయించేవానిదే కావాలి. అప్పటికప్పుడు సృజించే సంగీతానికి కూడా మొదటి షరతు ఆ స్వేచ్ఛే. ఆజ్ఞ మీద మోగే డప్పులో సృజనకు చోటెంత?

తెలంగాణ పాట ఈ స్వేచ్ఛను కొంతవరకు రుచి చూసింది. గద్దర్ ప్రదర్శన చూసినవారికి తెలుసు, అది కేవలం పాట కాదు. పాట మధ్యలో ఆగి మాట్లాడడం, ఆ మాట కింద డప్పు సన్నగా మోగుతూ ఉండడం, ఒక్క అదిలింపుతో మళ్లీ పాటలోకి దూకడం ఆయన శైలి. జన నాట్యమండలి ఒగ్గుకథ, గొల్లసుద్దులు, వీధి భాగోతం నుంచి నేర్చుకున్న పద్ధతి అది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఆ పద్ధతిని రాష్ట్ర ఉద్యమ వేదికగా విస్తరించింది. సిద్దిపేట జిల్లా రేబర్తిలో పుట్టి, బడి చదువు లేకుండా గొర్లు కాస్తూ, తాపీ పని చేస్తూ కవి అయిన అందెశ్రీకి మాట, బాణీ వేరువేరుగా పుట్టలేదు. ఆయన గీతం 2024లో రాష్ట్ర గీతమైంది. సంగీతం కీరవాణి సమకూర్చారు. ఆ సందర్భంలో ఆంధ్ర, తెలంగాణ అన్న చర్చ జోరుగా సాగింది. ఈ నేల డోలుకూ డప్పుకూ ఆ గీతంలో ఎంత చోటు దక్కాలన్న చర్చ మాత్రం నాకు పెద్దగా వినిపించలేదు. 2025 నవంబరులో అందెశ్రీ వెళ్లిపోయారు. ఆ చర్చ ఇంకా బాకీ ఉంది.

ప్రపంచంలో ఇతరులు ఈ చిక్కును ఎలా ఎదుర్కొన్నారో చూడడం మేలు. అమెరికా నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ 1920లలోనే బ్లూస్ లయను కవిత్వంలోకి తెచ్చారు. 1958లో తన కవితలను జాజ్ బృందాలతో కలిసి రికార్డు చేశారు. ఆ రికార్డును ఈరోజు హ్యూస్ పేరుతో పాటు చార్లెస్ మింగస్ పేరుతోనూ గుర్తుచేసుకుంటారు. 1968లో హార్లెంలో మొదలైన ‘లాస్ట్ పొయెట్స్’ బృందంలో తాళవాద్యకారుడు కవుల సరసన సభ్యుడయ్యాడు. వర్ణవివక్ష కింద నలిగిన సమాజం తన వాద్యకారుణ్ణి ఆలోచనాపరుడిగా ప్రపంచం చేత ఒప్పించింది. మన సమాజంలో ఆ పని మిగిలే ఉంది.

సిద్దిపేట సామాన్యమైన సాహిత్య కేంద్రం కాదు. మంజీరా రచయితల సంఘం పుట్టిన ఊరు, నందిని సిధారెడ్డి వంటి కవులను ఇచ్చిన ఊరు. ఇక్కడి సభలకు శ్రోతగా వెళ్లే నేను ఒక దృశ్యాన్ని పదేపదే చూశాను. కవుల పేర్లు ఆహ్వానపత్రం మీద వరుసగా ఉంటాయి. చివర ‘డప్పు కళాకారుల ప్రదర్శన ఉంటుంది’ అని ఒక్క వాక్యం. ఊరేగింపు ముగిశాక వారు వేదిక కింద కూర్చుంటారు. కవిత మొదలైనప్పుడు డప్పు ఆగిపోతుంది. వాద్యం మాటను మింగేస్తుందని కొందరు కవుల భయం. కలిసి ఒక్కపూటైనా సాధన చేయకుండా వాయించమంటే ఏ వాద్యమైనా మింగేస్తుంది. ఒగ్గు కళాకారుడి డోలు కథకుడి మాటను ఎందుకు మింగదో వెళ్లి నేర్చుకోవలసినది కవులే.

కొన్ని పనులు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. ఆహ్వానపత్రం మీద, పుస్తకం మీద, వీడియో కింద వాద్యకారుని పేరు కవి పేరు పక్కనే ఉండాలి. పారితోషికం సమానంగా ఉండాలి. ఇది దయ కాదు, చట్టం ఇచ్చిన బలం కూడా దీనికి ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రదర్శకుల నిర్వచనంలో సంగీతకారుణ్ణి పేరుపెట్టి చేర్చింది. 2012 సవరణతో వచ్చిన 38-బి సెక్షన్ తన ప్రదర్శనకు తానే కర్తనని గుర్తింపు పొందే హక్కును అతనికి ఇచ్చింది. యూట్యూబ్ చానళ్లు జాతర కథలను ఎత్తుకుపోతున్న ఈ కాలంలో న్యాయవిద్యార్థులు ఈ హక్కును గూడేలకు, వాడలకు తీసుకెళ్లాలి. యూజీసీ 2022లో తెచ్చిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ మార్గదర్శకాలు డిగ్రీ లేని నిష్ణాతులనూ బోధనకు తీసుకోవచ్చంటున్నాయి. తెలుగు శాఖలు ఒగ్గు డోలు కళాకారుణ్ణి తరగతి గదికి గురువుగా పిలవడానికి ఇంకేం కావాలి?

చివరి షరతు అన్నిటికన్నా ముఖ్యం. గౌరవం పేరుతో కులవృత్తిని మళ్లీ మెడకు కట్టకూడదు. మాదిగ బిడ్డ డప్పు ముట్టకుండా గణితం చదువుకోవచ్చు. కురుమ యువతి కథకురాలు కావచ్చు. అగ్రకుల విద్యార్థి డప్పు నేర్చుకోదలిస్తే గూడేనికి వెళ్లి గురువు ముందు నేల మీద కూర్చొని, దక్షిణ ఇచ్చి నేర్చుకోవాలి. వచ్చే పట్నం వారం నాటికి సిద్దిపేటలో జరిగే ఏ ఒక్క కవిసభ ఆహ్వానపత్రం మీదనైనా డోలు వాయించేవారి పేరు కవుల వరుసలో అచ్చయితే, ఆ సభకు నేను ముందు వరుసలో వచ్చి కూర్చుంటాను.