నాళాల్లో సంక్షుబ్ధ ప్రవాహం – వేగ వితరణ

కీలక పదాలు: సంక్షుబ్ధ ప్రవాహం, స్నిగ్ధత, రేనాల్డ్స్ సంఖ్య, సంవర్గమాన నియమం.

1. ప్రవేశిక

నాళంలో ప్రవహించే నీటివేగం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. గోడను తాకిన పొర నిశ్చలంగా ఉంటుంది. కేంద్రం వద్ద వేగం గరిష్ఠం. ఈ రెండింటి నడుమ వేగం మారే తీరునే వేగ వితరణ అంటారు. కేంద్రం వద్ద కొలిచిన ఒక్క వేగం నుండి మొత్తం ప్రవాహ పరిమాణాన్ని లెక్కించాలంటే ఈ వితరణ తెలిసి ఉండాలి.

2. రెండు ప్రవాహ రీతులు

1883లో ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ గాజునాళంలోని నీటిలోకి రంగుధారను పంపి, ప్రవాహం రెండు రీతులుగా ఉంటుందని నిరూపించాడు. వేగం, వ్యాసాల లబ్ధాన్ని శుద్ధగతిక స్నిగ్ధతతో భాగిస్తే రేనాల్డ్స్ సంఖ్య వస్తుంది. నాళాల్లో ఇది సుమారు 2,000 కన్నా తక్కువైతే ప్రవాహం స్తరీయం. అప్పుడు వేగ వితరణ పరావలయాకారంలో ఉంటుంది; సగటు వేగం గరిష్ఠ వేగంలో సరిగ్గా సగం.

సంక్షుబ్ధ ప్రవాహంలో సుడులు కేంద్రంలోని వేగవంతమైన ద్రవాన్ని గోడవైపుకూ, గోడదగ్గరి మందగతి ద్రవాన్ని కేంద్రంవైపుకూ చేరుస్తాయి. ఈ ద్రవ్యవేగ వినిమయం వల్ల మధ్యభాగంలో వేగాలు దాదాపు సమమవుతాయి. మార్పంతా గోడ చెంతనే కేంద్రీకృతమవుతుంది.

3. వితరణ నియమాలు

గోడనుండి దూరానికీ వ్యాసార్థానికీ గల నిష్పత్తి యొక్క 1/7వ ఘాతానికి వేగం అనులోమంగా ఉంటుందనేది ప్రసిద్ధ సూత్రం. దీని ప్రకారం సగటు వేగం గరిష్ఠ వేగంలో 0.817 వంతు. అయితే నికురాడ్సే ప్రయోగాల్లో రేనాల్డ్స్ సంఖ్య 4,000 వద్ద 1/6గా ఉన్న ఘాతం 32 లక్షల వద్ద 1/10కి తగ్గింది. పైగా ఈ సూత్రం గోడవద్ద వేగప్రవణతను అనంతమని చెబుతుంది. కనుక ఇది ఉపయుక్తమైన ఉజ్జాయింపు మాత్రమే.

ప్రాంట్ల్, కార్మన్‌ల సంవర్గమాన నియమం మరింత దృఢమైనది. గోడను ఆనుకొన్న పలుచని పొరలో స్నిగ్ధతదే ఆధిపత్యం. అక్కడ వేగం దూరంతోపాటు సరళరేఖీయంగా పెరుగుతుంది. ఆపై సంధిపొర. దానిని దాటాక వేగం దూరం యొక్క సంవర్గమానాన్ని అనుసరిస్తుంది.

4. ఉదాహరణ

100 మి.మీ. వ్యాసంగల నున్నని నాళంలో, కేంద్రం వద్ద నీటివేగం సెకనుకు 1.2 మీటర్లు అనుకుందాం. 1/7 సూత్రం ప్రకారం సగటు వేగం 0.98 మీటర్లు, రేనాల్డ్స్ సంఖ్య సుమారు లక్ష. స్నిగ్ధ పొర మందం దాదాపు 0.1 మి.మీ. మాత్రమే. గోడనుండి 1 మి.మీ. దూరం చేరకముందే వేగం కేంద్రవేగంలో సగాన్ని మించుతుంది. ప్రవాహం సెకనుకు 7.7 లీటర్లు. పరావలయ సూత్రాన్ని పొరపాటున వర్తింపజేస్తే 4.7 లీటర్లే వస్తాయి.

5. ముగింపు

కొలత సరైనదైనా, ప్రవాహరీతిని గుర్తించకుంటే ఫలితం తప్పుతుంది. కాబట్టి బోధనలో వేగ వితరణ సూత్రాలకంటే ముందు రేనాల్డ్స్ సంఖ్యను నిర్ణయించడం అలవాటు చేయాలి.