పాత గుర్రం - కొత్త రౌతు

గుర్రాన్ని కొనేవాడు దాని పళ్లు పట్టి చూస్తాడు. మోటారు సైకిలుకు పళ్లెక్కడివంటారా? ఉన్నాయండీ, గొలుసు తిరిగే చక్రానికి. అవి అరిగి కొక్కేల్లా ఒక పక్కకు వంగి ఉంటే, మీటరు ఎంత తక్కువ చూపించినా నమ్మనక్కరలేదు.

మా మేనల్లుడికి కాంటినెంటల్ జీటీ మీద మనసు పడింది. రాయల్ ఎన్‌ఫీల్డు వారు 2018లో విడుదల చేసిన 650 సి.సి. బండి అది. రెండు సిలిండర్లు, 47 గుర్రాల బలం, సుమారు రెండువందల కిలోల బరువు. కొత్తది కొనే తాహతు లేదు. అనంతపురంలో పాతవి అరుదు, బెంగుళూరులో కావలసినన్ని. వాడు కూడబెట్టినదానికి మా అక్కయ్య వేరుసెనగ అమ్మిన సొమ్ములోంచి లక్ష కలిపింది. ఆ లక్షకు కాపలాగా నేనూ బస్సెక్కాను.

మేము వెళ్లేసరికి బండి తళతళలాడుతోంది. అబ్బాయి ముఖం అంతకంటె! నేను ఇంజను మీద చెయ్యి పెట్టాను. వేడిగా ఉంది. చల్లారిన ఇంజనుకే అసలు గొంతు బయటపడుతుంది గనుక, కాఫీ తాగి వస్తామని చెప్పి గంటన్నర హోటల్లో కూర్చున్నాం.

"మామా, ఈలోగా ఎవరైనా కొనుక్కుపోతారేమో!" అని వాడి గోల.

తిరిగి వచ్చి మీట నొక్కితే నాలుగోసారికి గాని అందుకోలేదు. హ్యాండిలు కొనలు కొత్తవి, కాలు పెట్టే కడ్డీ కొన మాత్రం గీసుకుపోయి ఉంది. ఎక్కడో పడ్డదన్నమాట. టైరు పక్కన 1219 అని అంకెలు - 2019లో పన్నెండో వారపు సరుకు. గాడులు లోతుగానే ఉన్నా రబ్బరు బిగుసుకుపోయింది. అన్నిటికీ మించి, అప్పు తీరిందంటున్నా ఆర్.సి.లో బ్యాంకు పేరు అలాగే ఉంది. అది కొట్టించి, అక్కడి రవాణా కార్యాలయం ఎన్.ఓ.సి. ఇస్తేగాని మన రాష్ట్రంలో పేరు మారదు. పైగా బండి వయసును బట్టి ఇక్కడ జీవితకాలపు పన్ను కట్టాలి. బేరమాడే ఉత్సాహంలో చాలామంది ఈ పన్ను సంగతే మరిచిపోతారు.

బయానా ఇవ్వకుండా వచ్చేశాం. పెనుకొండ దాకా వాడు నాతో మాట్లాడలేదు.

రెండు నెలలకు మరొకటి కుదిరింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానైనా నమ్మకం లేని ఈ మెట్టసీమలో దుమ్ముకు కరువు లేదు గదా! నూనె పూసిన గొలుసుకు అది పట్టిందంటే ఆకురాయే. ఆదివారం వస్తే వాడు గొలుసు తుడుస్తూ, గాలి ఫిల్టరు విప్పి చూస్తూ కనిపిస్తాడు.

మొన్న వాళ్లమ్మను ఎక్కించుకుని కదిరి నరసింహస్వామి దర్శనానికి వెళ్లొచ్చాడు. దిగుతూనే నడుం పట్టుకుని అక్కయ్య అన్నది:

"ఇంత డబ్బు పోశాడు, వెనకాల కూర్చునేవాళ్లకు కాస్త చోటు చూసుకోవద్దటరా తమ్ముడూ?"

ఆ మాట నాకు తట్టనేలేదు.