ఎస్సెల్లార్ ఇంట్లో చేసుకోవచ్చా?

మొన్న బేస్తవారిపేట బస్టాండు దగ్గర టీ తాగుతుంటే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, పందులు చేన్ని ఉండనీయట్లేదు. పోలీసోళ్ల ఎస్సెల్లార్ లాంటిది మనం చేసుకోకూడదా?" ఈ ఎపిసోడ్ ఆ ప్రశ్న కోసమే.

ఎస్సెల్లార్ అంటే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్. బెల్జియం వాళ్ల ఎఫ్ఎన్ ఫాల్ నమూనా మీద బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేశారు. నల్లమలలో కూంబింగ్ జరిగిన రోజులు చూసినవాళ్లకు కొత్తేం కాదు. తూటా 7.62 మిల్లీమీటర్లు, మ్యాగజైన్‌లో 20. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒకటే పేలుతుంది. తూటా వెళ్తుండగా గొట్టంలోంచి కొంచెం గ్యాస్ పక్కకొచ్చి పిస్టన్‌ను తోస్తుంది, ఖాళీ గుల్ల ఎగిరిపోతుంది, స్ప్రింగు తిరిగొస్తూ ఇంకో తూటా ఎక్కిస్తుంది. అంతే, వినడానికి తేలిక!

కానీ లోపల ఒత్తిడి చదరపు అంగుళానికి 50,000 పౌండ్లు దాటుతుంది. ఒత్తిడి తగ్గేదాకా వెనక తాళం విడిపోకూడదు. షెడ్డులో లేతు మీద చేసినదాంట్లో అది విడిపోతే, పంది సంగతి దేవుడెరుగు, ముందు పోయేది కాల్చినోడి ముఖమే.

చట్టమూ ఒప్పుకోదు. 7.62 నిషిద్ధ బోరు. లైసెన్సు లేకుండా తుపాకి తయారుచేస్తే, 2019 సవరణ తర్వాత కనీస శిక్షే 7 ఏళ్లు, జీవిత ఖైదు దాకా పోవచ్చు. పంట కాపలాకు 1959 ఆయుధాల చట్టం చెప్పింది మజిల్ లోడర్‌కి లైసెన్సు, అంటే మందు మూతి నుంచి కూరే తుపాకి. అది చేతిలో ఉన్నా పందిని కాల్చాలంటే అటవీ శాఖ అనుమతి వేరే తీసుకోవాలి తమ్ముడూ.