గోరువెచ్చనే గండం

ఉదయం 7 గంటలు. యూకేజీ పాప డబ్బా పక్కన పెట్టుకుని పప్పన్నం కలుపుతున్న కోడలికి హాల్లోంచి అత్తగారి మాట వినిపిస్తుంది: "కాస్త ఆరనిచ్చి పెట్టమ్మా, పసిదాని నోరు కాలుతుంది." కంచంలో పెట్టి ఎదురుగా కూర్చుని తినిపించేటప్పుడు బంగారం లాంటి మాట. కానీ ఆ డబ్బా మూత తెరుచుకునేది మధ్యాహ్నం 12.30కి. ఐదున్నర గంటల తర్వాత తినే అన్నం విషయంలో అదే మాట బెడిసికొడుతుంది.

డబ్బాలో అన్నం వేడిగా ఉండొచ్చు, చల్లగానూ ఉండొచ్చు. గోరువెచ్చగా మాత్రం ఉండకూడదు. ఎందుకో లెక్కల్లో చూద్దాం.

గుర్తుంచుకోవాల్సిన మూడు అంకెలు: 60, 5, 2

ఇంట్లో వంట భద్రత గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఐదు సూత్రాలు ప్రకటించింది. వాటిలో డబ్బాకు పనికొచ్చేది ఇది: వండిన పదార్థం 60 డిగ్రీల సెల్సియస్ పైన అయినా ఉండాలి, 5 డిగ్రీల కిందైనా ఉండాలి. మధ్యలో 2 గంటలకు మించి ఉండకూడదు. చుట్టూ గాలి 32 డిగ్రీలు దాటితే ఆ గడువు 1 గంటేనంటుంది అమెరికా వ్యవసాయ శాఖ. ఏప్రిల్‌లో బెజవాడలోనో రామగుండంలోనో 32 దాటని మధ్యాహ్నం ఎక్కడుంటుంది? ఎండాకాలం మనకు వర్తించేది ఆ ఒక్క గంట గడువే.

60కీ 5కీ నడుమ, అందులోనూ మన ఒంటి వేడికి దగ్గరగా, బ్యాక్టీరియాకు పండగ. అన్నీ అనుకూలిస్తే ప్రతి 20 నిమిషాలకూ రెట్టింపవుతాయి. ఒక్కటి గంటకు 8, రెండు గంటలకు 64, నాలుగు గంటలకు 4,096 అవుతుంది. 5 గంటల 20 నిమిషాలకు 65,536. ఇది కాగితం మీది లెక్క. డబ్బాలో అవి కుదురుకోవడానికి కొంతసేపు పడుతుంది, వేడీ ఒకేలా ఉండదు. అయినా ఆలస్యమయ్యేకొద్దీ ముప్పు ఎంత వేగంగా పెరుగుతుందో తెలుస్తోంది కదా. మొదటి రెండు గంటలకు, తర్వాతి రెండు గంటలకు పోలికే లేదు.

ఉడికించాం కదా, ఇంకేం ఉంటాయి?

రెండు ఉంటాయి. మొదటిది బియ్యంతోనే వచ్చే బాసిల్లస్ సీరియస్. దాని బీజాలు గట్టి పెంకు కట్టుకుని మరిగే వేడిని కూడా తట్టుకోగలవు. అన్నం గోరువెచ్చనయ్యాక మేల్కొంటాయి. రెండోది స్టెఫైలోకాకస్ ఆరియస్. ప్రతి పది మందిలో దాదాపు ముగ్గురి ముక్కులో కాపురముంటుంది, అక్కడి నుంచి వేళ్లకు చేరుతుంది, ముద్ద కలిపేటప్పుడు అన్నంలోకి దిగుతుంది.

ఈ రెండూ వదిలే విషాలు మొండివి. సీరియస్ వాంతుల విషం 121 డిగ్రీల దగ్గర గంటన్నర పెట్టినా పోదు. కాబట్టి పాడైన అన్నాన్ని మళ్లీ వేడి చేసి బాగుచేయడం కుదరని పని. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి, అంటే బడి బస్సులోనే కావచ్చు.

పిల్లలకు ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. ప్రపంచ జనాభాలో 5 ఏళ్లలోపు వాళ్లు పదో వంతు కూడా లేరు. కలుషిత ఆహారం వల్ల చనిపోయేవారిలో మాత్రం వాళ్లు దాదాపు 30 శాతమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా వేసింది.

డబ్బా ఖరీదు కాదు, పెట్టే వేడి ముఖ్యం

ఫ్లాస్కులాంటి రెండు గోడల స్టీలు డబ్బా కొన్నారనుకుందాం. గది 30 డిగ్రీలు. గదికీ అన్నానికీ ఉన్న తేడా సగానికి పడిపోవడానికి ఆ డబ్బాలో 5 గంటలు పడుతుందనుకుందాం. అన్నం ఎంత వేడిలో పెడితే ఎంతసేపు 60 పైన నిలుస్తుంది?

95 డిగ్రీల్లో పెడితే సుమారు 5 గంటల 35 నిమిషాలు.
85 డిగ్రీల్లో పెడితే 4 గంటల 20 నిమిషాలు.
70 డిగ్రీల్లో పెడితే 2 గంటల 5 నిమిషాలు.

డబ్బా అదే, అన్నం అదే. "కాస్త ఆరనిచ్చినందుకు" మూడున్నర గంటలు పోయాయి. మామూలు స్టీలు డబ్బాలో గదితో వేడి తేడా ముప్పావు గంటకే సగమవుతుందనుకుంటే, 95లో పెట్టినా 50 నిమిషాల్లో 60కి దిగిపోతుంది. బడి గంట కొట్టేసరికి వేడి కథ ముగిసినట్టే.

ఇంకో చిక్కు, పిల్లల డబ్బా చిన్నది. 10 సెంటీమీటర్ల ఘనంలో 1,000 మిల్లీలీటర్లు పడుతుంది, దాని బయటి వైశాల్యం 600 చదరపు సెంటీమీటర్లు. 5 సెంటీమీటర్ల ఘనంలో 125 మిల్లీలీటర్లు, వైశాల్యం 150. మిల్లీలీటరుకు చూస్తే 0.6కి బదులు 1.2. వేడి పారిపోయే దారి రెట్టింపు. నాన్నగారి పెద్ద డబ్బా వేడిగా ఉంది కదా అని పాప డబ్బా కూడా ఉంటుందనుకోవద్దు. పెద్ద డబ్బాలో అడుగున నాలుగు స్పూన్లు పెట్టడం కంటే, చిన్న డబ్బా నిండుగా పెట్టడం మేలు.

ఉదయం చేసే పని ఇలా మారాలి. డబ్బాలో మరిగే నీళ్లు పోసి మూతపెట్టి 5 నుంచి 10 నిమిషాలు వదిలేయండి. ఈలోపు పప్పు, అన్నం, నెయ్యి గిన్నెలో వేసి, చేత్తో కాకుండా గరిటెతో కలిపి, పొయ్యి మీదే పొగలు కక్కేదాకా వేడిచేయండి. రాత్రి ఫ్రిజ్‌లో పెట్టిన కూరైతే లోపలిదాకా 74 డిగ్రీలకు చేరాలి. నీళ్లు పారబోసి, వెంటనే నిండా పెట్టి, మూత బిగించండి. మధ్యలో "చల్లారిందేమో" అని తెరిచి చూడొద్దు. జారుగా ఉండే సాంబారన్నం, కిచిడీ గాలి సందు లేకుండా సర్దుకుంటాయి, వేడి నిలుపుకుంటాయి.

మరి నోరు కాలదా?

కాలుతుంది. 60 డిగ్రీల నీళ్లు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి. అందుకే ఆరబెట్టే పని మానేయకూడదు, చోటు మార్చాలి. నాలుగు స్పూన్లు మూతలోనో చిన్న ప్లేటులోనో పలచగా పరిస్తే కాసేపట్లో తినే వేడికి వస్తుంది. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలైతే ఈ మాట ఆయమ్మకు ముందే చెప్పాలి. మూత ఆమే తీసి, తాకి చూసి పెట్టాలి.

వేడి కుదరకపోతే

పెరుగన్నం చల్లగానే పంపాలి. ఫ్రిజ్‌లో బాగా చల్లబడ్డాక, గడ్డకట్టిన నీళ్ల సీసా ఆనించి, వేడి డబ్బా లేని సంచీలో పెట్టాలి. చల్లని నీళ్ల సీసా సరిపోదు. ఐసు కరగడానికి లాగే వేడి, అంతే బరువున్న నీటిని 80 డిగ్రీలు పెంచడానికి పట్టే వేడితో సమానం.

వేడన్నంలో పాలు పోసి తోడువేసి పంపే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అన్నం మరీ వేడిగా ఉంటే తోడు చచ్చిపోతుంది, మిగిలేది గోరువెచ్చని పాలన్నం. వేలు ఓర్చుకోగల వేడి వచ్చాక రాత్రే తోడువేసి, తోడుకున్నాక ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా పంపాలి.

పులిహోరలో చింతపండు పులుపు బ్యాక్టీరియాకు కళ్లెం వేస్తుంది, కానీ పూర్తిగా ఆపుతుందని ధీమా వద్దు. 10.30 చిరుతిండికి ఒలవని అరటిపండు, పల్లీ చిక్కీ నిశ్చింత. ఇడ్లీ పెడితే కొబ్బరి చట్నీ మానేసి కారప్పొడి, నెయ్యి పెట్టండి. పచ్చి కొబ్బరికి తేమ ఎక్కువ, పులుపు తక్కువ.

అసలు గంటలే తగ్గించగలిగితే అంతకంటే కావాల్సిందేముంది? 11.30కి వండి 12.30కి బడి గేటు దగ్గర క్యారేజీ అందించే ఇళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. ఐదున్నర గంటల సమస్య అక్కడ ఒక గంటకు దిగిపోతుంది.

ఆదివారం పరీక్ష

వంటకు వాడే డిజిటల్ థర్మామీటరు ఒకటి కొనండి. జ్వరం థర్మామీటరు పనికిరాదు, అది 42 దగ్గరే ఆగిపోతుంది. సెలవు రోజున 7 గంటలకు రోజూలాగే డబ్బా సర్ది, సంచీలో పెట్టి, 12.30కి తెరిచి మధ్యలో గుచ్చండి. 60 పైన ఉంటే మీ పద్ధతి నెగ్గింది. 50 చూపిస్తే పెట్టే వేడైనా పెంచాలి, డబ్బా అయినా మార్చాలి, లేదంటే మెనూ మార్చాలి.

సాయంత్రం 4.30కి సగం తిని తెచ్చిన డబ్బాను మాత్రం కొలవక్కర్లేదు. తొమ్మిదిన్నర గంటలైంది. పారేయడానికి అత్తగారి మనసు ఒప్పదు. ఈ అంకెలన్నీ ఆవిడకూ ఒకసారి వినిపించండి, ఒప్పుకుంటారు.