బలంగిగా గంటలు: ఒక తీరప్రాంత సంఘ చరిత్రలో న్యాయము, సమాధానము

ఉపోద్ఘాతము

ఫిలిప్పీన్స్ దేశపు సమార్ ద్వీపంలో, దక్షిణ తీరాన బలంగిగా అనే చిన్న మునిసిపాలిటీ ఉన్నది. ఆ దేశంలో మునిసిపాలిటీ అనగా పట్టణం కాదు. బరంగాయ్ అని పిలువబడే కొన్ని పల్లెలు కలిసిన, మన మండలం వంటి పాలనా విభాగం. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనం 14 వేల పైచిలుకు మాత్రమే. వీరి భాష వారాయ్. చేపల వేట, కొబ్బరి తోటలు, వరి పొలాలు వీరి జీవనాధారం. తుఫానులు వీరికి క్రొత్తవి కావు. 2013 నవంబరు 8న హైయాన్ తుఫాను మొదట తీరం తాకినది వీరికి తూర్పున ఉన్న గివాన్ వద్దనే.

ఇంత చిన్న ఊరి పేరు రెండు దేశాల మధ్య దశాబ్దాల తరబడి వివాదంగా నిలిచిపోయింది. కారణం ఆ ఊరి దేవాలయపు మూడు గంటలు. యుద్ధంలో పోయిన ఆ గంటలు 117 సంవత్సరాల తరువాత తిరిగి వచ్చాయి. ఈ వ్యాసంలో మేము మొదట ఆ చరిత్రను క్లుప్తంగా వివరించి, తరువాత వాక్యపు వెలుగులో పరిశీలించి, కాపరులకు అందులో ఉన్న పాఠములను సూచించదలచాము.

గంట క్రింది ఊరు

1521 మార్చిలో మాజెల్లాన్ ఓడలు ఈ ద్వీపసమూహాన్ని చేరినప్పుడు వారికి మొదట కనబడినది సమార్ తీరమే. 16వ శతాబ్దపు చివరి సంవత్సరాలలో జెస్విట్ సన్యాసులు సమార్‌లో పని ప్రారంభించారు. 1768లో వారిని బహిష్కరించిన తరువాత ఇతర సన్యాస సభలవారు ఆ పరిచర్యను చేపట్టారు. చెదరి ఉన్న కుటుంబాలను దేవాలయం చుట్టూ చేర్చి ఊళ్లుగా ఏర్పరచడం నాటి స్పానిష్ విధానం. గంట వినబడునంత దూరంలో నివసించడమే ఊరిలో నివసించడం. "గంట క్రింద" ఉన్నవాడు క్రైస్తవుడు, రాజుకు పన్ను కట్టే ప్రజ; గంట వినబడని కొండలలో ఉన్నవాడు పరాయివాడు.

కనుక గంట మొదటి నుండి ఆరాధనకు మాత్రమే గుర్తు కాదు. అది అధికారానికీ గుర్తే. తీరంపై దాడి చేసే ఓడలు కనబడినప్పుడు జనాన్ని హెచ్చరించినదీ అదే గంట. పెండ్లికి, చావుకు, పండుగకు, అపాయానికి ఊరంతటికీ ఒకే స్వరం. ఈ సంగతి గ్రహించకపోతే ఆ మూడు గంటల కొరకు ఆ జనులు అంతగా ఎందుకు తపించారో మనకు అర్థం కాదు.

1901 సెప్టెంబరు 28

1898 డిసెంబరులో పారిస్ సంధి ద్వారా స్పెయిన్ రెండు కోట్ల డాలర్లకు ఫిలిప్పీన్స్‌ను అమెరికాకు అప్పగించింది. తమ దేశాన్ని తాము పాలించుకొనుటకు అప్పటికే సిద్ధపడిన ఫిలిప్పీనులు దీనిని అంగీకరించలేదు. 1899 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైంది.

1901 ఆగస్టులో అమెరికా తొమ్మిదవ పదాతి దళానికి చెందిన "సి" కంపెనీ బలంగిగాలో దిగింది. మొదట సైనికులకు, ఊరివారికి మధ్య స్నేహం ఉండెను. తరువాత కెప్టెన్ థామస్ కానెల్ ఊరిని శుభ్రపరచవలెనని పురుషులను నిర్బంధించి, కిక్కిరిసిన గుడారాలలో ఉంచి పని చేయించాడు. తిరుగుబాటుదారులకు అందకుండునట్లు ఆహారపు నిల్వలను తొలగించడం కూడా జరిగింది. తీరప్రాంత కుటుంబానికి ధాన్యం పోవడమంటే రాబోవు నెలల బ్రతుకు పోవడమే.

పోలీసు అధికారి వలేరియానో అబనడోర్ నాయకత్వంలో ఊరివారు రహస్యంగా సిద్ధపడ్డారు. స్త్రీలను, పిల్లలను ముందే దూరం పంపివేశారు. స్త్రీల వేషంలో పురుషులు శవపేటికలు మోసుకొని దేవాలయంలో ప్రవేశించారు. వాటిలో ఆయుధాలు దాచబడ్డాయి. సెప్టెంబరు 28 ఉదయం సైనికులు అల్పాహారానికి కూర్చున్న వేళ గంట మోగింది. కత్తులతో జరిగిన ఆ దాడిలో 74 మంది సైనికులలో 48 మంది మరణించారు. కానెల్ కూడా మృతులలో ఉన్నాడు. ఊరివారిలోనూ పలువురు మరణించారు.

ప్రతీకారం భయంకరంగా వచ్చింది. సమార్‌ను నిర్జన అరణ్యంగా మార్చమని, పది సంవత్సరాలు దాటి ఆయుధం పట్టగలవాడెవడైనను చంపమని జనరల్ జేకబ్ స్మిత్ ఆజ్ఞాపించాడు. మేజర్ లిటిల్టన్ వాలర్ తన నివేదికలో, పదకొండు రోజులలో 255 ఇండ్లు కాల్చి, 39 మందిని చంపి, 13 దున్నపోతులను కాల్చినట్లు లెక్క చెప్పాడు. ద్వీపమంతటా మరణించినవారు రెండు వేలకు పైగా అని కొందరు చరిత్రకారులు, అంతకు ఎన్నో రెట్లు అని మరికొందరు అంటారు. దాడి దినమున ఊరిలో లేని విచారణ గురువును సహితం తరువాత బంధించి హింసించారు. 1902లో స్మిత్‌ను సైనిక న్యాయస్థానం దోషిగా తీర్చింది. మందలింపు, పదవీ విరమణ మాత్రమే ఆయనకు కలిగిన శిక్ష.

బలంగిగా కాల్చబడింది. మూడు గంటలను సైనికులు తీసుకొనిపోయారు. వాటిలో రెండు అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో షయాన్ నగరపు వైమానిక స్థావరానికి చేరాయి. మూడవది తొమ్మిదవ దళంతోపాటు ప్రయాణించి చివరకు దక్షిణ కొరియాలో నిలిచింది.

తిరిగి వచ్చిన గంటలు

1990లలో అధ్యక్షుడు ఫిదెల్ రామోస్ గంటల కొరకు అమెరికాను అడిగాడు. అవి తమ మృతుల జ్ఞాపకార్థమని వయోమింగ్‌లోని మాజీ సైనికులలో కొందరు అభ్యంతరపెట్టారు. 2017 జూలైలో అధ్యక్షుడు దుతెర్తె పార్లమెంటు ఎదుట బహిరంగంగా వాటిని కోరాడు. అమెరికా చట్టంలో మార్పు జరిగి, 2018 డిసెంబరు 11న గంటలు మనీలా చేరాయి. డిసెంబరు 15న బలంగిగా దేవాలయానికి అప్పగించబడ్డాయి. క్రిస్మస్‌కు ముందు తొమ్మిది రోజులు తెల్లవారుజామున ఫిలిప్పీనులు జరుపుకొనే ఆరాధనలు ఆరంభమగుటకు అది ముందు దినం.

తరువాత ఒక గంటను మనీలాలోని జాతీయ మ్యూజియంలో ఉంచవలెనన్న ప్రతిపాదన సెనేట్‌లో వచ్చినప్పుడు స్థానిక డయోసిస్ అభ్యంతరం చెప్పింది. గంట చూచుటకు కాదు, జనులను ఆరాధనకు పిలుచుటకు అన్నదే ఇందులోని సారాంశం.

వాక్యపు వెలుగులో

సంఖ్యాకాండము 10:1–10లో దేవుడు మోషేతో రెండు వెండి బూరలు చేయించాడు. సమాజమును కూర్చుటకు, దండు బయలుదేరుటకు, బాధించు శత్రువుపై యుద్ధమునకు, పండుగకు అవే బూరలు. వాటిని ఊదవలసినవారు యాజకులు. ఒకే వాయిద్యము ఆరాధనకు, అపాయమునకు స్వరమగుట వాక్యమునకు తెలియని సంగతి కాదు. అయితే ఆ స్వరము ప్రజలను దేవుని జ్ఞాపకములోనికి తెచ్చుటకు ఇయ్యబడినది.

మరి బలంగిగా దాడి న్యాయమేనా? ఆదికాండము 34వ అధ్యాయము ఇక్కడ మనకు సహాయకరము. దీనాకు జరిగిన అన్యాయము వాస్తవమైనది; సహోదరుల కోపమునకు కారణమున్నది. కాని షిమ్యోను, లేవి సున్నతి అను పరిశుద్ధ గుర్తును మోసమునకు వాడుకొని ఊరిలోని పురుషులందరిని చంపిరి. మరణశయ్యపై యాకోబు వారి కోపమును శపించెను (ఆదికాండము 49:5–7). బాధపడినవారి మొర న్యాయమైనదైనను, మందిరమును ఆయుధశాలగా చేయుట న్యాయము కాజాలదు. అలాగని ఈ మాటను బలహీనులతో మాత్రమే చెప్పి ఊరకుండుట అంతకంటె పెద్ద తప్పు. స్మిత్ ఆజ్ఞలో కనబడునది అదే షిమ్యోను కోపము; అయితే దాని వెనుక ఒక సామ్రాజ్యపు బలమున్నది. రోమా 12:19 పగతీర్చుట దేవునికి విడిచిపెట్టమని ఇరువురికి చెప్పుచున్నది; బలవంతునికి మరింత గట్టిగా చెప్పుచున్నది.

గంటలను గూర్చి ఆలోచించునప్పుడు యెరూషలేము మందిరపు ఉపకరణములు జ్ఞాపకమునకు వచ్చును. బెల్షస్సరు వాటితో విందు చేసెను (దానియేలు 5). కోరెషు వాటిని లెక్కించి తిరిగి అప్పగించెను (ఎజ్రా 1:7–11). ఆ భాగములో ఒక్కొక్క వస్తువు సంఖ్య వ్రాయబడుట గమనార్హము. దేవుని యెదుట తిరిగి ఇచ్చుట అనునది భావన మాత్రమే కాదు, లెక్క ఉన్న కార్యము. జక్కయ్య మారుమనస్సు కూడ అటువంటిదే (లూకా 19:8).

కాపరులకు కొన్ని సూచనలు

మొదటిది, ప్రొటెస్టెంటులమైన మనకు ఇందులో ఆత్మపరీక్ష ఉన్నది. ఫిలిప్పీన్స్‌కు ప్రొటెస్టెంటు మిషనరీలు అమెరికా పరిపాలన వెంట వచ్చారు. దుమగెతె పట్టణంలో ప్రెస్బిటేరియన్లు స్థాపించిన సిల్లిమన్ విద్యాలయం 1901 ఆగస్టు 28న ఆరంభమైంది. బలంగిగా దాడికి సరిగ్గా ఒక నెల ముందు. ఆ విద్యాసంస్థ చేసిన మేలు కాదనలేనిది. కాని సువార్త, తుపాకి ఒకే ఓడలో దిగినప్పుడు వినువారు రెంటిని వేరు చేసి చూడగలరా? మిషను చరిత్ర బోధించువారు ఈ ప్రశ్నను దాటవేయరాదు.

రెండవది, వస్తువు తిరిగి వచ్చుటకు, సమాధానము కలుగుటకు భేదమున్నది. గంటలు వచ్చినవి, ఆ సందర్భములో అమెరికా ప్రభుత్వపు అధికారిక క్షమాపణ మాత్రము రాలేదు. మన సంఘములలో మందిర స్థలము, ఆస్తి, పదవులను గూర్చిన తగవులలో కాగితముపై రాజీ కుదిరిన దినమున పరిచర్య ముగిసినదనుకొందుము. నిజమునకు 2 కొరింథీ 5:18–20 చెప్పు సమాధానపరచు పరిచర్య అప్పుడే ఆరంభమగును.

మూడవది, ఇరుపక్షముల మృతులను జ్ఞాపకము చేసికొనుట. ప్రతి సెప్టెంబరు 28న బలంగిగాలో స్మారక దినము ఆచరించబడును. అల్పాహారము వద్ద మరణించిన ఆ 48 మందికిని తల్లులు ఉండిరి. కాల్చబడిన 255 ఇండ్లలోను కుటుంబములు ఉండెను. ఒక పక్షపు కన్నీరు మాత్రమే తుడుచువాడు కాపరి కాడు.

ముగింపు

మన ప్రాంతములోను పాత మందిరములలో మిషనరీల కాలమునాటి గంటలున్నవి. అవి ఎవరి చేతులగుండా వచ్చెనో, ఎవరిని పిలిచెనో, ఎవరికి వినబడక పోయెనో మన సంఘములలో విచారించుట మంచిది. బలంగిగాలో ఒక గంట యుద్ధమునకు పిలిచెను. అదే ఊరిలో నేడు గంటలు ప్రార్థనకు పిలుచుచున్నవి. ఆ గంటలను తిరిగి తెచ్చుటకు ఒక చిన్న సంఘము దశాబ్దముల తరబడి అడుగుట మానలేదు. అన్యాయమునకు గురియైన జనుల మధ్య పరిచర్య చేయు మనకు ఆ ఓర్పు ఆదర్శము. అడుగుట మానకుండుట పగ కాదు. సత్యము నెరుగునంతవరకు సమాధానము సంపూర్ణము కాదని నమ్ముట అది.