సౌరపవనం – అంగారకుడు

తోకచుక్క ఏ దిశగా పయనిస్తున్నా దాని తోక మాత్రం సూర్యునికి వ్యతిరేక దిశలోనే చాచుకొని ఉంటుంది. సూర్యుని సమీపించేటప్పుడు వెనుక ఉండే తోక, సూర్యుని చుట్టి మరలిపోయేటప్పుడు ముందు నడుస్తుంది. తోకలోని ధూళిని సూర్యకాంతి నెట్టగలదు. కాని విద్యుదావేశం గల వాయువును అంత వేగంగా తరిమే బలం కాంతికి లేదు. సూర్యుని నుండి ఏదో కణప్రవాహం నిరంతరంగా వెలువడుతూ ఉండాలని 1951లో జర్మన్ శాస్త్రజ్ఞుడు లుడ్విగ్ బీర్‌మన్ ప్రతిపాదించాడు.

సూర్యుని బాహ్యావరణమైన కరోనా పది లక్షల డిగ్రీలకు మించిన వేడి గలది. అంతటి వేడిమి గల వాయువు ఒకచోట నిలువలేదనీ, అది అన్ని దిక్కులకూ ప్రవహించక తప్పదనీ 1958లో యూజీన్ పార్కర్ అనే యువ శాస్త్రజ్ఞుడు గణితం ద్వారా నిరూపించాడు. ఆ ప్రవాహమే సౌరపవనం. ఆయన వ్యాసాన్ని పరిశీలించిన ఇద్దరు నిపుణులూ దానిని తిరస్కరించారు. ఆ పత్రికకు సంపాదకుడు భారత సంతతికి చెందిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆ భావన ఆయనకూ రుచించలేదు. అయినా గణితంలో దోషం కనిపించనందున వ్యాసాన్ని ప్రచురించారు. 1962లో శుక్రగ్రహానికి బయలుదేరిన మారినర్-2 నౌక మార్గమధ్యంలో సౌరపవనాన్ని కొలిచి, పార్కర్ వాదాన్ని నిజం చేసింది.

సౌరపవనంలో ప్రధానంగా ఉండేవి ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు. దాని వేగం సెకనుకు సుమారు 400 కిలోమీటర్లు. భూమి సమీపంలో ఘన సెంటీమీటరుకు కొద్ది కణాలు మాత్రమే ఉండేటంత పలుచని ప్రవాహమిది. అయినప్పటికీ ఇది సూర్యుని అయస్కాంత క్షేత్రాన్ని తన వెంట మోసుకొని వస్తుంది. దీని ప్రభావానికి మూలం అదే. అయస్కాంత క్షేత్రంలో తీగను కదిలిస్తే విద్యుత్తు పుడుతుంది. తీగ నిలిచి, క్షేత్రం కదిలినా ఫలితం అదే. అదేవిధంగా, కదిలే అయస్కాంత క్షేత్రంతో సౌరపవనం ఒక గ్రహాన్ని దాటిపోయేటప్పుడు ఆ గ్రహం చుట్టూ విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. దాని దిశ పవనానికీ, అయస్కాంత క్షేత్రానికీ లంబంగా ఉంటుంది. అంగారకుని వద్ద దీని బలం కిలోమీటరుకు సుమారు ఒక వోల్టు. ఇది స్వల్పంగా తోచవచ్చు. కాని క్షేత్రం దిశలో వేయి కిలోమీటర్లు సాగిన కణానికి వేయి వోల్టుల తోపు లభించినట్లే.

భూమికి బలమైన అయస్కాంత క్షేత్రం ఉంది. అది సౌరపవనాన్ని సూర్యుని వైపున సుమారు 65,000 కిలోమీటర్ల దూరంలోనే అడ్డగిస్తుంది. అంగారకునికి అట్టి రక్షణ లేదు. ఆ గ్రహమంతటినీ ఆవరించిన అయస్కాంత క్షేత్రం సుమారు 400 కోట్ల సంవత్సరాల క్రితమే అంతరించింది. ఇప్పుడు శిలలలో అక్కడక్కడ దాని అవశేషాలు మాత్రమే మిగిలాయి. కనుక సౌరపవనం అక్కడి వాతావరణపు పైపొరలను నేరుగా తాకుతుంది.

సూర్యుని అతినీలలోహిత కిరణాలు ఆ పైపొరలలోని పరమాణువుల నుండి ఎలక్ట్రాన్లను వేరుచేసి, వాటిని అయాన్లుగా మారుస్తాయి. ఆవేశం లేని పరమాణువును విద్యుత్ క్షేత్రం కదిలించలేదు. అయానును మాత్రం విడిచిపెట్టదు. గ్రహానికి ఒక పక్కన ఆక్సిజన్ అయాన్లు పొగమాదిరి పైకి లేచి అంతరిక్షంలోకి పోతాయి. రెండో పక్కన అవి గ్రహం వైపు తరుమబడి, అక్కడి కణాలను ఢీకొని వాటినీ ఎగురగొడతాయి. అదే సమయంలో అయాన్లతో నిండిన ఆ పొరలో విద్యుత్ ప్రవాహాలు పుట్టి, సౌరపవనాన్ని కొంతవరకు పక్కకు మళ్ళిస్తాయి. ఇది అరువు తెచ్చుకున్న కవచమే కాని పూర్తి రక్షణ కాదు.

2014 సెప్టెంబరులో అమెరికా నౌక మావెన్, భారతదేశపు మంగళయాన్ రెండు రోజుల వ్యవధిలో అంగారక కక్ష్యను చేరాయి. సౌరపవనం అంగారకుని నుండి సెకనుకు సుమారు 100 గ్రాముల వాయువును తీసుకొనిపోతున్నదని మావెన్ కొలతల ఆధారంగా 2015లో ప్రకటించారు. అంటే రోజుకు ఎనిమిదిన్నర టన్నులకు పైగా! సౌర తుఫానుల వేళ ఈ నష్టం మరింత పెరుగుతుంది. ఒకప్పుడు అక్కడ ఉన్న ఆర్గాన్ వాయువులో సుమారు 65 శాతం అంతరిక్షం పాలయిందని 2017లో తేలింది.

ఎండిన నదీమార్గాలు నేటికీ అంగారకునిపై కనిపిస్తాయి. నీరు ప్రవహించాలంటే దానిపై తగినంత గాలి ఒత్తిడి ఉండాలి. నేడు అక్కడి ఒత్తిడి భూమిపై ఉన్నదానిలో నూరవ వంతుకన్న తక్కువ. గాలి పోవడంతో నదులూ పోయాయి. అయితే అయస్కాంత క్షేత్రం ఒక్కటే గ్రహాల భాగ్యాన్ని నిర్ణయిస్తుందని చెప్పలేము. శుక్రునికీ అట్టి క్షేత్రం లేదు. అయినా అక్కడి వాతావరణం మిక్కిలి దట్టమైనది. గ్రహపు గురుత్వాకర్షణ, దాని అంతర్భాగం నుండి వెలువడే వాయువులు కూడా లెక్కలోనికి వస్తాయి.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి బయలుదేరిన ఆదిత్య-ఎల్1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం చేరి సౌరపవనాన్ని కొలవసాగింది. అంగారకుని నదులను ఎండగట్టిన ఆ పవనమే భూమినీ నిత్యం తాకుతున్నది. దాని గతిని ఎరగడం భూమిపై గల గాలి విలువను ఎరగడమే.