'వేతనం' అనే పదానికి కొత్త నిర్వచనం: కార్మిక స్మృతులు, యజమాని బాధ్యతలు

కీలకపదాలు: వేతనాల స్మృతి, గ్రాట్యుటీ, భవిష్యనిధి, భత్యాలు, నిర్ణీతకాల ఉద్యోగం.

29 కేంద్ర కార్మిక చట్టాల స్థానంలో రూపొందించిన నాలుగు కార్మిక స్మృతులు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చాయి. వేతనాల స్మృతిని పార్లమెంటు 2019లో ఆమోదించింది. పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, వృత్తిపరమైన భద్రతలకు సంబంధించిన మూడింటిని 2020లో ఆమోదించింది. వీటిపై జరిగిన చర్చలో ఎక్కువ భాగం ఉద్యోగుల తొలగింపుకే పరిమితమైంది. కర్మాగారాల్లో కార్మికులను తొలగించడానికి ప్రభుత్వ ముందస్తు అనుమతి అవసరమయ్యే పరిమితి 100 మంది నుంచి 300 మందికి పెరగడమే అందుకు కారణం. ఆ చర్చ అవసరమైనదే. అయితే చిన్న, పెద్ద తేడా లేకుండా యజమానుల ఖాతాలన్నింటినీ తాకే మార్పు మరొకటి ఉంది. అది వేతనాల స్మృతి రెండవ సెక్షన్‌లోని 'వేతనం' నిర్వచనం.

పాత చట్టాలలో ఒకే పదం, అనేక అర్థాలు

1936 నాటి వేతన చెల్లింపు చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం, 1952 నాటి భవిష్యనిధి చట్టం, 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ఈ భావనను వేర్వేరుగా నిర్వచించాయి. ఇంటి అద్దె భత్యాన్ని కనీస వేతనాల చట్టం వేతనంలో చేర్చింది, గ్రాట్యుటీ చట్టం మినహాయించింది. ఒక ఉద్యోగి ఒక నెలలో అందుకున్న ఒకే మొత్తం ఒక చట్టం ప్రకారం వేతనం, మరొక చట్టం ప్రకారం కాదు. ఈ తేడాయే జీతాల పట్టికకు రూపమిచ్చింది. మూల వేతనాన్ని తగ్గించి, మిగిలిన మొత్తాన్ని రకరకాల భత్యాలుగా విడగొడితే ఉద్యోగి చేతికందే జీతం తగ్గదు, యజమాని చెల్లించవలసిన భవిష్యనిధి వాటా, గ్రాట్యుటీ మాత్రం తగ్గుతాయి. నష్టం ఉద్యోగికి వెంటనే కనిపించదు. పదవీ విరమణ నాడు గాని తెలియదు.

ఈ పద్ధతిని న్యాయస్థానాలు గమనించకపోలేదు. 2019 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు భవిష్యనిధికి సంబంధించిన కొన్ని వ్యాజ్యాలపై ఒకే తీర్పునిచ్చింది. వాటిలో ఒకటి, తన సిబ్బందికి ప్రత్యేక భత్యం చెల్లించిన ఒక పాఠశాలకు సంబంధించినది. ఉద్యోగులందరికీ సాధారణంగా, ఏకరీతిన చెల్లించే భత్యం మూల వేతనంలో భాగమేననీ, అదనపు పనికో ప్రతిభకో ముడిపడినదని చూపలేని పక్షంలో దానిని మినహాయించడం కుదరదనీ కోర్టు స్పష్టం చేసింది. అయితే ఆ తీర్పు భవిష్యనిధి చట్టానికే వర్తించింది. గ్రాట్యుటీ లెక్క యథాతథంగా ఉండిపోయింది.

సగం అనే హద్దు

కొత్త నిర్వచనం ప్రకారం వేతనమంటే, జీతం రూపంలోనైనా భత్యాల రూపంలోనైనా అందే మొత్తం ప్రతిఫలం. మూల వేతనం, కరవు భత్యం, రిటైనింగ్ అలవెన్స్ అందులో భాగం. ఇంటి అద్దె భత్యం, రవాణా భత్యం, ఓవర్‌టైమ్, కమీషన్, యజమాని చెల్లించే భవిష్యనిధి వాటా వంటివి మినహాయింపులు. వీటి మొత్తం ప్రతిఫలంలో సగాన్ని మించితే, మించిన భాగం తిరిగి వేతనంలో చేరుతుంది.

'మూల వేతనం ఇకపై సగం ఉండాలి' అన్న ప్రచారం ఈ నిబంధన నుంచే పుట్టింది. అది సరైన అన్వయం కాదు. జీతాల పట్టికను మార్చమని చట్టం ఎవరినీ ఆదేశించలేదు. పట్టిక ఎలా ఉన్నా లెక్క ఎలా వేయాలో మాత్రమే చెప్పింది. అంతేకాక, మినహాయింపుల జాబితాలో పేరు లేని భత్యం సగం హద్దుతో నిమిత్తం లేకుండా వేతనమే అవుతుంది. చాలా సంస్థల పట్టికల్లో కనిపించే 'స్పెషల్ అలవెన్స్' ఈ కోవకు చెందుతుంది.

నెలకు 40,000 రూపాయలు పొందే ఉద్యోగిని ఉదాహరణగా తీసుకోవచ్చు. మూల వేతనం, కరవు భత్యం కలిపి 12,000, స్పెషల్ అలవెన్స్ 4,000, ఇంటి అద్దె భత్యం 16,000, రవాణా భత్యం 8,000 అనుకుందాం. మినహాయింపులు 24,000. సగమైన 20,000ను అవి 4,000 మించాయి. కనుక వేతనం 12,000, 4,000, మించిన 4,000 కలిపి 20,000 అవుతుంది. పదేళ్ల సేవకు గ్రాట్యుటీ, ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున, నెలను 26 రోజులుగా తీసుకొని లెక్కిస్తే పాత పద్ధతిలో సుమారు 69,231 రూపాయలు. కొత్త పద్ధతిలో 1,15,385.

యజమానులు ఎక్కువగా గమనించవలసింది ఇక్కడే. గ్రాట్యుటీని చివరిగా పొందిన వేతనంపై లెక్కిస్తారు. కాబట్టి నిర్వచనం మారిన రోజునే, గడచిన సంవత్సరాల సేవకు సంబంధించిన బాధ్యత కూడా పెరుగుతుంది. దానికి తగిన నిధిని ఖాతాలలో చూపక తప్పదు. భవిష్యనిధి విషయంలో భారం ఇంతగా ఉండకపోవచ్చు. 2014లో నిర్ణయించిన 15,000 రూపాయల పరిమితి మేరకే వాటా చెల్లించే సంస్థలో, పై ఉద్యోగి తరఫున యజమాని వాటా 1,440 నుంచి 1,800కు పెరుగుతుంది. ఉద్యోగి వాటా కూడా అంతే పెరిగి, చేతికందే జీతం 360 రూపాయలు తగ్గుతుంది. అప్పటికే 15,000కు పైబడిన మూల వేతనంపై ఆ పరిమితి మేరకే చెల్లిస్తున్న చోట ఏ మార్పూ ఉండదు.

నిర్వచనం ఒక్కటే అయినా, దాని అన్వయం అన్ని చోట్లా ఒకటి కాదు. స్త్రీ పురుషులకు సమాన వేతనం, వేతన చెల్లింపు అనే రెండు సందర్భాల్లో ఇంటి అద్దె, రవాణా భత్యాలను, ఓవర్‌టైమ్‌ను వేతనంగానే పరిగణించాలని అదే సెక్షన్ చెబుతోంది. ఏకరూపత కోసం చేసిన చట్టంలోనే ఈ తేడా మిగిలింది. రాజీనామా చేసిన ఉద్యోగికి సైతం రెండు పనిదినాలలో బకాయి చెల్లించాలన్న నియమం ఉన్నందున, ఈ తేడా జీతాల విభాగాలకు నిత్య సమస్య కాగలదు.

విద్యాసంస్థల పరిస్థితి

ఒక నిర్వచనం ఎంతమంది జీవితాలను తాకుతుందో ఉపాధ్యాయుల ఉదంతం చూపుతుంది. గ్రాట్యుటీ చట్టంలోని 'ఉద్యోగి' నిర్వచనంలోకి ఉపాధ్యాయులు రారని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. పార్లమెంటు 2009లో చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా వారికి ఆ హక్కు కల్పించింది. ఆ సవరణను ప్రైవేటు పాఠశాలలు సవాలు చేయగా 2022లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. అంటే హక్కు స్థిరపడడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది.

సామాజిక భద్రతా స్మృతి నిర్ణీతకాల ఉద్యోగులకు ఐదేళ్ల సేవ నియమాన్ని సడలించింది. ఒప్పందం ప్రకారం ఏడాది పనిచేసినవారు కూడా దామాషా ప్రకారం గ్రాట్యుటీకి అర్హులవుతారు. కళాశాలల్లో ఒప్పంద పద్ధతిపై బోధించేవారికి ఇది మేలు చేయవలసిన నిబంధన. అయితే వేసవి సెలవులను మినహాయించి, పది నెలలకే ఒప్పందం కుదుర్చుకొని, జూన్‌లో మళ్లీ కొత్త ఒప్పందం రాయించుకొనే చోట ఆ 'ఏడాది' ఎప్పుడు పూర్తవుతుంది? ఏటా ఒకే గదిలో, ఒకే పాఠ్యాంశాన్ని బోధించిన వ్యక్తి సేవ అవిచ్ఛిన్నమా, కాదా అన్నది ఇక న్యాయస్థానాలు తేల్చవలసిన విషయం.